కడప నుంచి సంగీతంలో పీజీకి దరఖాస్తు చేయడం ఎలా

ఎంబీఏకో ఎంసీఏకో ఎలా దరఖాస్తు చేయాలో చెప్పేవాళ్లు కడపలో వీధికొకరు ఉంటారు. సంగీతంలో ఎంఏ చేస్తానంటే మాత్రం చుట్టాలు ఒకసారి మొహం చూసి, "అదీ ఉందా?" అంటారు. ఉంది. మన రాష్ట్రంలో ఉంది, పక్క రాష్ట్రాల్లో ఉంది, సముద్రం అవతలా ఉంది. డిగ్రీ చివరి ఏడాదిలో ఉండి, కొన్నేళ్లుగా గురువుగారి దగ్గర శ్రద్ధగా నేర్చుకుంటున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. గాత్రం వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినా వీణ, వయొలిన్, మృదంగం వాళ్లకూ చాలావరకు పనికొస్తుంది.

ఈ దరఖాస్తుకు, మిగతా కోర్సుల దరఖాస్తుకు ఉన్న అసలు తేడా ముందే చెబుతాను. ఇక్కడ కాగితం మీద రాసిన ప్రతిదాన్నీ పాడి చూపమంటారు. "నాకు వచ్చిన రాగాలు" అని ముప్పై పేర్లు రాస్తే ఆ ముప్పైలో మీకు అతి బలహీనమైనదాన్నే అడిగే అవకాశం ఉంది. కాబట్టి ఫారం నింపడం చివరి పని. ఏమి పాడగలరో తేల్చుకోవడం మొదటి పని. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. నోటిఫికేషన్ రాగానే నెట్ సెంటరుకు పరుగెత్తి రుసుము కట్టి, పాట సంగతి తరువాత చూసుకుందామంటారు.

పాడడమా, పరిశోధనా?

సంగీతంలో పీజీ అన్నది ఒకే చదువు కాదు. ప్రదర్శన ప్రధానంగా ఉండే కోర్సులు కొన్ని. వాటిని ఎంపీఏ (ప్రదర్శన కళల్లో మాస్టర్స్) అనో, ఎంఏ సంగీతం అనో పిలుస్తారు. ప్రవేశంలో ప్రాక్టికల్‌దే పెద్ద పీట. రెండో రకం శాస్త్రం, చరిత్ర, సమాజంలో సంగీతం స్థానం వంటివాటి మీద నడిచేవి. వీటికి మీరు ఎంత బాగా పాడతారన్నదానికంటే ఏమి తెలుసుకోవాలనుకుంటున్నారు, దాని గురించి ఎంత స్పష్టంగా రాయగలరు అన్నది ముఖ్యం. విదేశీ విశ్వవిద్యాలయాల్లో మన సంగీతం చదవాలనుకునేవాళ్లు ఎక్కువగా ఈ రెండో దారిలోనే వెళతారు.

మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న వేసుకోండి: రోజుకు నాలుగు గంటలు సాధన చేయమంటే సంతోషిస్తారా, నాలుగు గంటలు పాత పుస్తకాలు తిరగేయమంటే సంతోషిస్తారా? రెండూ ఇష్టమే అనే జవాబు చాలామంది చెబుతారు కానీ, నిజానికి ఒకవైపు మొగ్గు ఉంటుంది. ఆ మొగ్గును బట్టే చోటు వెతకాలి.

ఎక్కడెక్కడ?

కడప నుంచి దగ్గరిది తిరుపతి. శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయంలో ఎంఏ సంగీతం ఉంది. అమ్మాయిలకు ఇంతకంటే సౌకర్యమైన చోటు లేదు. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్న భోజనం వేళకు క్యాంపస్‌లో ఉంటారు. అబ్బాయిలకు ఆ తలుపు మూసే ఉంటుంది. తిరుపతిలోనే తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే శ్రీవేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఉందిగదా అంటారేమో. అది మంచి కళాశాలే, కానీ అక్కడి డిప్లొమాలు వేరు, విశ్వవిద్యాలయ పీజీ వేరు. పీజీకి ముందు అర్హత సంపాదించుకోవడానికి అది చక్కని మెట్టు.

విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి సంగీత విభాగం ఉంది. అయితే స్థానికత లెక్కలో కడప, కర్నూలు, అనంతపురం, చిత్తూరు, నెల్లూరు పాత జిల్లాలన్నీ శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతం కిందికి వస్తాయి. అందుకని విశాఖలో మనం స్థానికేతరులం. స్థానికులకు 85 శాతం పోగా మిగిలిన సీట్లకే పోటీ పడాలి. హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయం మన పెద్దవాళ్ల నోట ఎక్కువగా వినిపించే పేరు. విభజన చట్టం ఇచ్చిన పదేళ్ల ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్‌తో ముగిసింది. కాబట్టి అన్నయ్యో అక్కో అక్కడ చదివారన్న ధైర్యంతో కాకుండా, ఆ ఏటి నోటిఫికేషన్‌లో ఆంధ్రప్రదేశ్ విద్యార్థుల గురించి ఏముందో చదివి నిర్ణయించుకోండి.

రైలు మార్గంలో ఉన్నాం కనుక చెన్నై మనకు దూరం కాదు. మద్రాసు విశ్వవిద్యాలయంలోని భారతీయ సంగీత విభాగం ఈ రంగంలో పాత పేరున్నది. శాస్త్రం మీద ఆసక్తి ఉన్నవాళ్లు తప్పక చూడాలి. పైగా చెన్నైలో ఉంటే డిసెంబరు కచేరీల కాలమంతా మీకు రెండో తరగతి గది అవుతుంది. నన్నడిగితే, ఇంటికి దూరం, ఖర్చు సమస్య కాని వాళ్లకు చెన్నై తరువాతే ఏదైనా. ఇంకా దూరం వెళ్లగలిగితే ఢిల్లీ విశ్వవిద్యాలయంలో హిందుస్తానీతో పాటు కర్ణాటక సంగీతంలోనూ ఎంఏ ఉంది. కాశీలోని బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ప్రదర్శన కళలకు ఒక ప్రత్యేక ఫ్యాకల్టీయే ఉంది.

విదేశాల సంగతికొస్తే, అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో 1960ల నుంచి కర్ణాటక సంగీతం నేర్పుతున్నారు. మృదంగ విద్వాంసుడు టి. రంగనాథన్, ఆయన సోదరుడు వేణు విద్వాంసుడు టి. విశ్వనాథన్ అక్కడ ఏళ్ల తరబడి పాఠాలు చెప్పారు. ఇలాంటి చోట్లకు దరఖాస్తు సాధారణంగా డిసెంబరు, జనవరి నెలల్లో ముగుస్తుంది. చదువు మొదలయ్యేది ఆ తరువాతి ఆగస్టు చివర్లోనో సెప్టెంబరులోనో. అంటే కడపలో కూర్చుని దాదాపు ఏడాదిన్నర ముందు ఆలోచన మొదలుపెట్టాలి.

అర్హత: ఒక్కో పదం చదవండి

మీది బీకాం అయినా బీఎస్సీ అయినా సంగీతంలో పీజీ దారి మూసుకుపోలేదు. విశ్వవిద్యాలయాలు అర్హతను మూడు తీరుల్లో రాస్తాయి. కొన్ని డిగ్రీలో సంగీతం ఒక సబ్జెక్టుగా ఉండాలంటాయి. కొన్ని ఏదైనా డిగ్రీ ఉండి, దానితోపాటు గుర్తింపు పొందిన సంగీత సర్టిఫికెట్ లేదా డిప్లొమా ఉంటే చాలంటాయి. ఇంకొన్ని ఏ డిగ్రీ అయినా ఫరవాలేదు, ప్రాక్టికల్ పరీక్షలో మమ్మల్ని మెప్పించండి అంటాయి. "లేదా", "మరియు" అన్న రెండు పదాల దగ్గరే చాలామంది పొరబడతారు. అక్కడ పెన్సిలుతో గీత గీసుకుని చదవండి.

మన రాయలసీమలో ఎక్కువమందిది ఒకే పరిస్థితి: గురువుగారి ఇంట్లో పన్నెండేళ్లు నేర్చుకుంటారు, చేతిలో ఒక్క కాగితం ఉండదు. అలాంటివాళ్లు డిగ్రీ రెండో ఏడాదిలోనే ప్రభుత్వ సంగీత కళాశాలలు చెప్పే సర్టిఫికెట్, డిప్లొమా పరీక్షల గురించి వాకబు చేయాలి. కర్నూలులో ప్రభుత్వ శారదా సంగీత కళాశాల ఉంది. వెళ్లి అడిగితే పరీక్షల సంగతి చెబుతారు. ఆకాశవాణి గ్రేడును అర్హతగా చూసే చోట్లు కూడా ఉన్నాయి. కడపలో ఆకాశవాణి కేంద్రం ఊళ్లోనే ఉండగా ఆడిషన్‌కు దరఖాస్తు చేయకపోవడం నాకు ఎప్పుడూ అర్థం కాదు. గ్రేడు వచ్చినా రాకపోయినా, మైకు ముందు గడియారం చూసుకుంటూ పాడే అలవాటు ఆ ప్రయత్నంతోనే మొదలవుతుంది.

రాత పరీక్ష

రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఏపీ పీజీసెట్, ఢిల్లీ, బనారస్ వంటి కేంద్ర విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ పీజీ. మద్రాసు వంటివి తమ దరఖాస్తులు తామే పిలుస్తాయి.

పీజీసెట్ 2021లో మొదలైంది. ఆ మొదటి పరీక్షను నిర్వహించింది మన యోగి వేమన విశ్వవిద్యాలయమే. మామూలు సబ్జెక్టులకు వంద ప్రశ్నలు, తొంభై నిమిషాలు, తప్పు జవాబుకు కోత లేదు. సంగీతం, నృత్యం, చిత్రకళ వంటివాటికి విడిగా నిబంధనలు పెడతారు కనుక ఆ ఏటి సమాచార పుస్తకంలో మీ సబ్జెక్టు పేజీని అచ్చు తీసుకుని దగ్గర పెట్టుకోండి. సీయూఈటీ పీజీలో 75 ప్రశ్నలు. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. కాబట్టి ఇక్కడ గుడ్డిగా గుర్తు పెట్టకూడదు. ఈ పరీక్షకు దరఖాస్తులు చలికాలంలోనే ముగిసిపోతాయి, పరీక్ష సాధారణంగా మార్చిలో. పీజీసెట్ వేసవిలో. రెండూ రాయడానికి అడ్డేమీ లేదు.

సీయూఈటీ ప్రశ్నలు ఇంగ్లీషు, హిందీల్లో ఉంటాయి. మీరు "కంపిత గమకం", "అనాగత గ్రహం" అని తెలుగులో చక్కగా చెప్పగలిగినా, ఇంగ్లీషు అక్షరాల్లో చూసి గుర్తుపట్టడానికి ఒక్క క్షణం తడబడతారు. సిలబస్‌లోని ప్రతి పారిభాషిక పదాన్నీ ఇంగ్లీషు లిపిలో ఒకసారి రాసుకోండి. ఒక్క సాయంత్రం పని.

చదవాల్సినది చాలా ఉంది కానీ, ప్రశ్నలు తిరిగి తిరిగి వచ్చే చోట్లు కొన్నే. 72 మేళకర్తలు (జనక రాగాలు), పేరులోని మొదటి రెండు అక్షరాలను బట్టి మేళకర్త సంఖ్య చెప్పే కటపయాది లెక్క చేతివేళ్ల మీద ఉండాలి. మాయామాళవగౌళలో మా అంటే 5, యా అంటే 1, తిరగేస్తే 15. మేచకల్యాణిలో మే 5, చ 6, కనుక 65. ఇది అందరికీ వస్తుంది. ఆ మేళకర్తలకే కనకాంగి, రత్నాంగి అని సాగే పేర్ల వరుసకు, కనకాంబరి, ఫేనద్యుతి అని సాగే వరుసకు తేడా ఏమిటని అడిగితే మాత్రం సగం మంది ఆగిపోతారు. రెండోది ముత్తుస్వామి దీక్షితుల సంప్రదాయం అనుసరించినది. ఇలాంటి జతలను పక్కపక్కన పెట్టుకుని చదవాలి. ఏడు తాళాలు, అయిదు జాతులు, 35 తాళాలు సరే. వాటిలో ఖండజాతి అట తాళానికి ఎన్ని అక్షరాలని చటుక్కున అడిగితే? లఘువు అయిదు, మళ్లీ అయిదు, ఒక్కోటి రెండు అక్షరాల చొప్పున రెండు ద్రుతాలు, మొత్తం పద్నాలుగు. చేత్తో తాళం వేస్తూ చదివినవాళ్లకు ఇది లెక్కే కాదు.

గ్రంథాల వరుసలో భరతుని నాట్యశాస్త్రం, మతంగుని బృహద్దేశి, పదమూడో శతాబ్దపు శార్ఙ్గదేవుని సంగీత రత్నాకరం, 1550 నాటి రామామాత్యుని స్వరమేళకళానిధి, పదిహేడో శతాబ్దపు వేంకటమఖి చతుర్దండి ప్రకాశిక వస్తాయి. వీటిని పేర్లుగా బట్టీ పట్టకుండా ఏ గ్రంథం ఏ ప్రశ్నకు జవాబు చెప్పబోయిందో రాసుకోండి. రామామాత్యుడు విజయనగర ఆస్థానం వాడు, అళియ రామరాయల కాలం వాడు అని గుర్తుంటే ఆ తేదీ మరి మరచిపోరు. హిందుస్తానీ మీద కొన్ని ప్రశ్నలైనా వస్తాయి. అక్కడి రాగాలను వర్గీకరించే భాత్‌ఖండే పది ఠాట్లు నేర్చుకోండి. అక్కడి భైరవి ఠాట్ మన హనుమతోడి స్వరాలతో, అక్కడి తోడి మన శుభపంతువరాళి స్వరాలతో ఉంటుందన్న తిరకాసును ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లు వదులుకోరు.

తెలుగువాళ్లకు ఒక సౌలభ్యం ఉంది, వాడుకునేవాళ్లు తక్కువ. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో ప్రచురించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగులో రాసిన పుస్తకం. ఇతర భాషలవాళ్లు అనువాదం తెచ్చుకుని చదివేదాన్ని మనం నేరుగా చదవగలం. పరీక్షకు మొత్తం చదవమని కాదు. మీరు జాబితాలో పెట్టబోయే రాగాల లక్షణాలు అందులో ఏముందో చూసుకుని వెళితే, మౌఖికంలో మీ మాటకు బరువు వస్తుంది.

పాడబోయే జాబితా

ఈ భాగం మీదే ఎక్కువ సమయం పెట్టండి.

ఒక తెల్ల కాగితం తీసుకుని, ఈ రాత్రి నిద్రలేపి అడిగినా తడుముకోకుండా పాడగలిగినవి మాత్రమే రాయండి. చాలామందికి ఆ జాబితా అనుకున్నదానిలో మూడో వంతుకు కుదించుకుపోతుంది. భయపడకండి, అదే మీ నిజమైన బలం. ఇప్పుడు అందులో ఖాళీలు వెతకండి. ఒక అట తాళ వర్ణం రెండు కాలాల్లో ఉందా? విళంబ కాలంలో నిలబెట్టి పాడే కీర్తన ఒక్కటైనా ఉందా? శుద్ధ మధ్యమ రాగాలే ఉన్నాయా, ప్రతి మధ్యమం కూడా ఉందా? అన్నీ ఆది తాళమేనా, మిశ్ర చాపు, ఖండ చాపు, రూపకం ఉన్నాయా? సమంలో (తాళం మొదటి దెబ్బ మీద) కాకుండా అర్ధావర్తనం తరువాతో, అనాగతంలోనో ఎత్తుకునే కీర్తన ఉందా? ఒక పదమో, జావళియో, సంకీర్తనో ఉందా? ఖాళీలు కనిపించిన చోట కొత్తవి నేర్చుకోవాలి, కానీ ఆడిషన్‌కు ముందు చివరి రెండు నెలల్లో కొత్తది మొదలుపెట్టకండి. గొంతులో ఇంకా కుదురుకోని కీర్తన తొందరలో జారిపోతుంది.

మనోధర్మం (అప్పటికప్పుడు కల్పించి పాడడం) విషయంలో ఆలాపనకు అయిదారు రాగాలు చాలు. కల్యాణి, శంకరాభరణం, తోడి, ఖరహరప్రియ, కాంభోజి వంటి పెద్ద రాగాల్లో రెండు మూడు తప్పక ఉండాలి. "నేను వాగధీశ్వరి పాడతాను" అని అరుదైన రాగం పేరు చెబితే పరీక్షకుల బోర్డులో ఎవరూ ముచ్చటపడరు. తరువాత ప్రశ్న "సరే, కల్యాణి ఒక అయిదు నిమిషాలు" అనే ఉంటుంది. నెరవుకు (ఒకే పాదాన్ని రకరకాలుగా విస్తరించి పాడడానికి) మీరు ఎంచుకున్న పాదం ఎందుకు ఎంచుకున్నారో కూడా చెప్పగలగాలి.

సాహిత్యం గురించి. త్యాగరాజస్వామి కీర్తనలు తెలుగు కనుక మనకు అర్థం తెలుసులే అన్న ధీమా మన పిల్లల్లో ఉంటుంది. అరవం మాట్లాడే విద్యార్థి ప్రతి పదానికీ అర్థం రాసుకుని, సంధి ఎక్కడ విడదీయాలో గురువును అడిగి వస్తాడు. మన వాడు తెలిసిన భాషే గదా అని పదాన్ని మధ్యలో విరిచి ఊపిరి తీసుకుంటాడు. ఆడిషన్లలో తెలుగు విద్యార్థులు సాహిత్యం మీద మార్కులు పోగొట్టుకోవడం కంటే సిగ్గుచేటు ఇంకోటి లేదు. జాబితాలోని ప్రతి కీర్తనకూ పదచ్ఛేదం, తాత్పర్యం ఒక నోటుబుక్కులో రాయండి.

బోర్డు చేసే పనులు ఊహించుకుని సాధన చేయండి. పల్లవి మధ్యలో ఆపి చరణం ఎత్తుకోమంటారు. చేతి తాళం ఆపి పాడమంటారు, లేదా వాళ్లు వేసే తాళానికి పాడమంటారు. వర్ణాన్ని త్రిశ్రంలో అడగవచ్చు. ఒక చిన్న స్వరగుచ్ఛం పాడి రాగం పోల్చమంటారు. స్నేహితులిద్దరిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఇష్టం వచ్చిన చోట ఆపమని చెప్పి పాడండి. మొదటి రెండుసార్లు కోపం వస్తుంది, తరువాత అలవాటైపోతుంది.

రికార్డింగు

దూరపు విశ్వవిద్యాలయాలు, ముఖ్యంగా విదేశీవి, ముందు వీడియో అడుగుతాయి. అది నచ్చితేనే పిలుస్తాయి. స్టూడియో అద్దెకు డబ్బు తగలేయనక్కర్లేదు. మంచి ఫోను, కదలని స్టాండు, ప్రశాంతమైన గది చాలు. కడప వేసవిలో ఆ మూడోదే కష్టం. ఫ్యాను, కూలరు ఆపి గదిలో కూర్చుంటే పది నిమిషాల్లో చెమటతో తడిసిపోతారు, వేసుకుంటే ఆ హోరు రికార్డింగులో తంబురాను మింగేస్తుంది. తెల్లవారుజామున అయిదింటికి, పాలవాళ్ల బండ్లు రాకముందు, వంటింట్లో కుక్కరు కూయకముందు పని ముగించండి. పరుపులు, దుప్పట్లు ఉన్న పడకగదిలో ప్రతిధ్వని తక్కువ. గచ్చు హాలు వద్దు.

ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. మీటరు దూరంలో, నోటికి కొంచెం కిందుగా ఉంచండి. తంబురా శబ్దం రెండో ఫోను నుంచి, మీ వెనుక వైపు నుంచి వినిపించాలి. ముందు ఒక్క నిమిషం పాడి, హెడ్‌ఫోను పెట్టుకుని విని, అప్పుడు అసలుది మొదలుపెట్టండి. ప్రతిధ్వని కలపడం, శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్ వాడడం, రెండు టేకులను అతికించడం చేయకండి. వినేవాళ్లు రోజంతా ఇదే వింటారు, ఇట్టే పట్టేస్తారు. వాద్యం వాళ్లయితే ముఖంతోపాటు రెండు చేతులూ పూర్తిగా కనిపించాలి. పక్కవాద్యం లేకపోయినా నష్టం లేదు. తాళం తప్పే మృదంగం కంటే ఒంటరి గొంతే మేలు.

నిడివి ఎంత అడిగితే అంతే. పది నిమిషాలు అంటే మొదటి మూడు నిమిషాల్లో మీ ఉత్తమమైనది ఉండాలి. కొందరు తంబురా మీద శ్లోకం చదివి, పరిచయం చెప్పి, గొంతు సవరించుకునేసరికి నాలుగు నిమిషాలు గడిచిపోతాయి. విదేశాలకు పంపేటప్పుడు మీ శ్రుతిని వాళ్ల లెక్కలో రాయండి: మన ఒకటిన్నర శ్రుతి వాళ్ల సి షార్ప్, అయిదున్నర జి షార్ప్. ఫైలు పేరులో మీ పేరు, రాగం, తాళం ఉండాలి.

ఎందుకు చదవాలనుకుంటున్నారో రాసే పత్రం

ఎక్కువ పత్రాలు ఒకేలా మొదలవుతాయి: చిన్ననాటి నుంచి సంగీతం నా ప్రాణం, సంగీతం భగవంతుని భాష, సంగీతానికి ఎల్లలు లేవు. చదివేవాళ్లకు మీ గురించి ఒక్క ముక్క కూడా తెలియదు. వాళ్లకు కావాల్సింది: ఇప్పటిదాకా ఏమి నేర్చుకున్నారు, ఏ ప్రశ్న మిమ్మల్ని వదలడం లేదు, దానికి ఈ విభాగమే ఎందుకు.

కడప వాళ్లకు ప్రశ్నల కరువు లేదు. రాజంపేట దగ్గరి తాళ్లపాక అన్నమయ్య ఊరు. ఆ సంకీర్తనల రాగిరేకుల మీద ప్రతి పాటకూ రాగం పేరు ఉంటుంది, ఎలా పాడాలో చెప్పే స్వరం దాదాపుగా ఉండదు. సామంతం, కొండమలహరి వంటి పేర్లు కనిపిస్తాయి. మనం ఇవాళ పాడుతున్న వరుసలు ఎక్కువగా ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. అనంతపురం జిల్లాలో పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979) ఆ సంకీర్తనలను పరిష్కరించి, కొన్నింటికి స్వరరచన చేశారు. ఇంత చెప్పాక మీ పత్రంలో ఇలా రాయవచ్చు: "రేకుల మీద ఉన్న రాగాన్ని వదిలి వేరే రాగంలో ఒక సంకీర్తనను కట్టినప్పుడు ఆ ఎంపిక ఎందుకు జరిగిందో తెలుసుకోవాలనుకుంటున్నాను. మా గురువుగారి దగ్గర నేర్చుకున్న సంకీర్తనలతో మొదలుపెడతాను." ఈ రెండు వాక్యాలు పై మూడు వాక్యాలకంటే ఎంత ఎక్కువ చెప్పాయో చూడండి.

శాస్త్రీయ సంగీతమే కానక్కర్లేదు. మన పల్లెల్లో చెక్కభజన బృందాలు పాట నేర్పే తీరు, కడప పెద్దదర్గా ఉరుసులో ఖవ్వాలీ, ఒంటిమిట్ట బ్రహ్మోత్సవాల్లో నాదస్వరం, వీటిలో ఏదైనా పరిశోధన ప్రధానమైన విభాగాలకు ఆసక్తి కలిగిస్తుంది. షరతు ఒకటే: మీరు నిజంగా వెళ్లి, విని, ఎవరితోనైనా మాట్లాడి ఉండాలి. ఎందుకంటే ఇంటర్వ్యూలో దాని గురించే అడుగుతారు. ఏఐ చేత రాయించిన పత్రం ఈ చోటే దొరికిపోతుంది.

సిఫారసు లేఖలు

ఒకటి డిగ్రీ కళాశాల అధ్యాపకుల నుంచి, ఒకటి మీ గురువుగారి నుంచి తీసుకోండి. విదేశీ విశ్వవిద్యాలయాలు లేఖ రాసేవారి ఈమెయిలుకే నేరుగా లింకు పంపుతాయి. మన గురువుల్లో చాలామందికి ఈమెయిలు చూసే అలవాటు లేదు, ఇంగ్లీషులో రాసే అలవాటూ లేదు. అలాంటప్పుడు ఉత్తరం మీరే రాసేసి సంతకం పెట్టించుకోవడం అందరికీ తట్టే దారి. వద్దు. శైలి చూస్తేనే తెలిసిపోతుంది, గురువుగారిని ఇరకాటంలో పెట్టినవాళ్లవుతారు.

ఒక నెల ముందు వెళ్లి, "మాస్టారూ, నా గురించి మీ మాటల్లో ఒక ఉత్తరం కావాలి. మీరు తెలుగులో చెప్పండి, ఇంగ్లీషులోకి మార్చే ఏర్పాటు చేయిస్తాను" అని అడగండి. ఆయన చెప్పింది తెలుగులో రాసి సంతకం చేస్తారు. ఇంగ్లీషు తెలిసిన అధ్యాపకులెవరైనా అనువదించి, అనువాదం తమదని కింద రాస్తారు. రెండూ కలిపి గురువుగారి ఈమెయిలు నుంచే, ఆయన ఎదుట, ఆయన ఇంటివాళ్ల సాయంతో ఎక్కించాలి. ఎన్నేళ్లు నేర్పారు, ఏ పాఠం వరకు వచ్చారు, సాధనలో మీ బలం ఏమిటి, లోపం ఏమిటి అన్నవి ఉంటే ఆ ఉత్తరం పెద్ద పెద్ద విశేషణాలున్న ఉత్తరానికంటే బాగా పనిచేస్తుంది.

కాగితాలు, డబ్బు

అన్నిటికంటే ముందు పేరు చూసుకోండి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా, డిగ్రీ మెమోలో చివర ఉండడం మన దగ్గర సర్వసాధారణం. పదో తరగతి మెమోను ప్రమాణంగా పెట్టుకుని మిగతావి దానికి సరిపోయేలా దరఖాస్తుకు ముందే మార్పించుకోండి. తరువాత ప్రొవిజినల్, మొత్తం మార్కుల మెమో, టీసీ, వేరే విశ్వవిద్యాలయానికి వెళ్లేవాళ్లకు మైగ్రేషన్ సర్టిఫికెట్, స్థానికత కోసం స్టడీ సర్టిఫికెట్లు, అవసరమైనవాళ్లకు కుల, ఆదాయ ధ్రువపత్రాలు. చివరి సెమిస్టరు ఫలితాలు ఆలస్యమైతే కళాశాల నుంచి ఆ విషయం తెలిపే లేఖ తీసుకుని ఉంచుకోండి. సంగీత పరీక్షల సర్టిఫికెట్లు, ఆకాశవాణి కాగితాలు, కచేరీ ఆహ్వాన పత్రాలు విడిగా ఒక ఫైలులో ఉండాలి. దేవాలయ ఉత్సవాల్లో ఇచ్చిన శాలువాల ఫోటోలు అక్కర్లేదు.

డబ్బు గురించి ఒకటి తప్పక చెప్పాలి. కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ యువ కళాకారులకు ఇచ్చే ఉపకార వేతనం 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకు, నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు. గురువు దగ్గర కనీసం అయిదేళ్ల శిక్షణ ఉండాలి. మన జిల్లా నుంచి అర్హులు చాలామందే ఉంటారు, నోటిఫికేషన్ చూసేవాళ్లే లేరు. విదేశాల్లో అయితే బోధనలో సహాయకులుగా పనిచేసినందుకు రుసుము మాఫీ చేసి భత్యం ఇచ్చే విభాగాలకే మొదట దరఖాస్తు చేయండి. అది లేని సీటు కోసం పొలం అమ్మడం మంచి ఆలోచన కాదు.

ఆడిషన్ రోజు

తిరుపతి అయితే ఆ ఉదయమే వెళ్లవచ్చు. చెన్నై, విశాఖ, ఢిల్లీలకు ముందు రోజుకే చేరుకోండి. ఏసీ బోగీలో రాత్రంతా ప్రయాణం చేసి దిగిన గొంతుతో పాడకూడదు. వీణ వాళ్లు రైల్లో పై బెర్తు తీసుకుని వాద్యాన్ని పక్కన పెట్టుకోవడం మేలు. తంబురా యాప్ ఉన్న ఫోను, విడిగా ఒక శ్రుతిపెట్టె, జాబితా నాలుగు ప్రతులు వెంట ఉండాలి. జాబితాలో రాగం, తాళం, వాగ్గేయకారుడు వరుసగా ఉంటే బోర్డువాళ్లకు పని తేలిక.

తెలియని ప్రశ్నకు "తెలియదండీ" అనండి. రాగం పేరు తప్పు చెప్పి దాన్ని సమర్థించుకోవడం మొదలుపెడితే మిగతా పది నిమిషాలూ ఆ ఊబిలోనే గడుస్తాయి. పాటలో తప్పు దొర్లితే ఆగి క్షమాపణ చెప్పకుండా తరువాతి ఆవర్తనంలో కలుపుకోండి. అది ఎలా చేశారన్నదానికీ మార్కులుంటాయి.

సీటు వచ్చాక

పీజీసెట్‌లో ర్యాంకు వస్తే వెబ్ కౌన్సెలింగ్‌లో ఐచ్ఛికాలు పెట్టాలి. సంగీతానికి కళాశాలలు కొన్నే కనుక వెళ్లడానికి సిద్ధపడిన ప్రతి చోటినీ వరుసగా పెట్టండి. మొదటి విడతలో రాకపోతే నిరాశపడి వేరే కోర్సులో చేరకండి. తరువాతి విడతల్లో సీట్లు మిగలడం ఈ సబ్జెక్టులో మామూలే. ఒకటికి రెండు చోట్ల సీటు వస్తే, రెండోదాని ఫలితం తేలేవరకు ఒరిజినల్ టీసీ ఎవరికీ ఇవ్వకుండా గడువు అడగండి. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడానికి రుసుము వాపసు నిబంధనలు, రద్దు దరఖాస్తులు, రెండు మూడు ప్రయాణాలు తప్పవు. గడువు దొరకకపోతే సీటు ఖాయమైన చోటే చేరండి. ఆ ఒరిజినళ్లు ఇచ్చే ముందు ప్రతి కాగితాన్నీ రంగుల్లో స్కాన్ చేసి, అయిదేసి జిరాక్సులు తీయించుకుని, అందినట్టు రసీదు మీద సంతకం, ముద్ర వేయించుకోండి.